పిల్లల సంగీత నాటకానికి ఆడిషన్: పాడించి వినడం కాదు, నేర్పి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వైట్‌ఫీల్డ్‌లో మీ తెలుగు సంఘం పిల్లలతో సంగీత నాటకం వేస్తోంది. పేదరాశి పెద్దమ్మ కథ, ఎనిమిది పాటలు, గంటంపావు. ఎనిమిదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా 58 మంది పేర్లిచ్చారు, పాత్రలు 24. ఒక్కొక్కరి చేత ఒక సినిమా పాట పాడించి, ఒక డైలాగ్ చెప్పించి మార్కులు వేస్తే సరిపోతుందా? తల్లిదండ్రుల్ని లోపల కూర్చోనివ్వచ్చా? పాత్ర రానివాళ్లకి ఎలా చెప్పాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. సరిపోదు. ఇంట్లో నేర్చుకొచ్చిన పాట విని ఎంపిక చేస్తే మీరు ఎంచుకునేది సగం వాళ్ల సంగీతం టీచర్‌ని, మిగతా సగం వాళ్ల అమ్మ ఓపికని. పదేసి మందిని ఒక బ్యాచ్ చేసి, అంతకుముందు ఎవరూ వినని నాలుగు లైన్ల పాట అక్కడికక్కడే నేర్పండి. ఎవరు ఎలా అందుకుంటున్నారు, తప్పు చెబితే ఎలా దిద్దుకుంటున్నారు, అది చూడండి. వాళ్లలో ముప్ఫై మందిని వారం తర్వాత మళ్లీ పిలవండి. తల్లిదండ్రులు గది బయటే. ఫలితం గ్రూపులో పెట్టకండి, ఎవరికి వాళ్లకి విడిగా చెప్పండి.

నేను తెనాలి మనిషిని. మా నాన్న పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. బెంగళూరు వచ్చి పదహారేళ్లయింది. ఇక్కడి తెలుగు పిల్లలతో తొమ్మిది నాటకాలు చేయించాను. మొదటి రెండిటికీ మీరు రాసిన పద్ధతిలోనే ఎంపిక చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి నాటకం ఆడిషన్‌లో పదకొండేళ్ల పాప కర్ణాటక సంగీతంలోని వర్ణం పాడింది. కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, ఒక్క చోట కూడా శ్రుతి జారకుండా. ఎంపిక చేసే ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని ముఖ్య పాత్ర ఇచ్చేశాం. రిహార్సల్ మొదలయ్యాక తెలిసింది, ఆ పిల్లకి నిలబడి పాడటం అలవాటు లేదు. లేచి నడుస్తూ పాడమంటే పాట ఆగిపోయేది. ఎదుటి పిల్లాడి మొహం చూస్తూ పాడమంటే సాహిత్యం మర్చిపోయేది. తప్పు ఆ పిల్లది కాదు. తనకి నేర్పింది అది, నేను అడగాల్సింది ఇది. అదే రోజు వచ్చిన ఇంకో పిల్లాడు అన్నయ్యకి తోడుగా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పేరు కూడా ఇవ్వలేదు. వేరే పిల్లలు పాడుతున్న పాటని వాడు కుర్చీ కింద కాళ్లు ఊపుకుంటూ మొత్తం పట్టేశాడు. పోయేటప్పుడు మెట్ల మీద పాడుకుంటూ పోతుంటే విన్నాను. వాడు తర్వాత నా నాలుగు నాటకాల్లో ఉన్నాడు.

మన రంగస్థలంలో ఆడిషన్ అలవాటు పెద్దగా లేదు. 1885 నుంచి నడుస్తున్న సురభి నాటకాల వాళ్లనే చూడండి. కుటుంబాలకి కుటుంబాలే నటులు. పిల్లలు ఆ పాటలు వింటూ, ఆ తెరల మధ్యే పెరుగుతారు. ఎవరికి ఏం వస్తుందో ఇంట్లో పెద్దవాళ్లకి తెలుసు. మనకి ఆ పదేళ్లు లేవు, చేతిలో ఉన్నది ఒక గంట. ఆ గంటని పిల్లలు ఇదివరకు ఏం నేర్చుకున్నారో వినడానికి ఖర్చు పెట్టడం దండగ.

బ్యాచ్ ఎలా నడపాలి. పదిమందికి యాభై నిమిషాలు. అంటే మీకు ఆరు బ్యాచ్‌లు. శనివారం మూడు, ఆదివారం మూడు పెట్టుకోండి. ఒకే రోజు లాగితే నాలుగో బ్యాచ్‌కి మీ చెవులు పనిచేయవు. రాగానే చొక్కాకి నంబర్ స్టిక్కర్. మొదటి ఐదు నిమిషాలు ఏదో ఒక ఆట. చప్పట్లు కొడుతూ పేరు చెప్పే ఆటైనా చాలు, దాంతోనే లయ ఎవరికుందో సగం తెలిసిపోతుంది. ఈ ఐదు నిమిషాలూ మార్కులు వేయకండి, పెన్ను కింద పెట్టేయండి. పెన్ను కదిలితే పిల్లల కళ్లు అటే పోతాయి.

తర్వాత పాట. నేను ప్రతి నాటకానికీ ఆడిషన్ కోసమే ఒక చిన్న పాట కడతాను. మీ కథకైతే "గంప దించు పెద్దమ్మా, గాలి మారె పెద్దమ్మా" లాంటిది ఏదైనా. రెండు లైన్లు సులువుగా, మూడో లైన్ పైకి, నాలుగో లైన్ ఎవరూ ఊహించని చోట ఎత్తుకోవాలి. నాలుగుసార్లు మీరు పాడండి, రెండుసార్లు అందరూ కలిసి పాడాలి, తర్వాత ఇద్దరిద్దరు చొప్పున. ఒంటరిగా పాడించకండి, మొదటి రోజు అసలు అవసరం లేదు. పక్కవాడు తప్పితే వీడు కూడా తప్పుతాడా, నిలబెట్టుకుంటాడా అనేది ఇద్దరు పాడితేనే తెలుస్తుంది.

పాట వచ్చాక గదిలో నడుస్తూ పాడమనండి. ఆ తర్వాత చేతికి ఖాళీ బిందె ఇవ్వండి. నా దగ్గర ఇందుకోసమే ఒక సొట్టబోయిన స్టీలు బిందె ఉంది, ఏడు నాటకాలు చూసింది. బిందె చంకన పెట్టుకుని గదికి ఆ చివర నుంచి ఈ చివరకి పాడుతూ రావాలి, మధ్యలో ఎదురొచ్చినవాడికి అందించాలి. బాగా పాడే పిల్లల్లో కొందరు బిందె రాగానే పాట ఆపేస్తారు. కొందరు పాట ఆపకుండా బిందె వదిలేస్తారు. ఆ చప్పుడుకి అందరూ నవ్వుతారు, టెన్షన్ కాస్త తగ్గుతుంది. ఒకరిద్దరు మాత్రం బిందెలో నిజంగా నీళ్లున్నట్టు నడుస్తారు. వాళ్ల నంబర్ చుట్టూ సున్నా చుట్టండి.

చివరిగా మాట. ఒకే ఒక్క వాక్యం: "పెద్దమ్మా, తలుపు తియ్యవూ, వాన తగ్గేలా లేదు." చెప్పించండి. తర్వాత ఒక్క సూచన ఇవ్వండి: "లోపల చంటిపిల్లాడు నిద్రపోతున్నాడు, లేవకూడదు, ఇప్పుడు చెప్పు." ఆ తర్వాత ఇంకొకటి: "నువ్వు అబద్ధం చెబుతున్నావు, అసలు బయట వానే లేదు." మూడుసార్లూ ఒకేలా చెప్పిన పిల్లల కంటే, మూడుసార్లు మూడు రకాలుగా తప్పు చెప్పిన పిల్లలు మనకి కావాలి. మొదటిసారి ఎంత బాగా చెప్పారన్నది నేను దాదాపు పట్టించుకోను. మొదటిసారికీ రెండోసారికీ ఏం మారిందన్నదే చూస్తాను. మూడు నెలల రిహార్సల్లో మీరు చేయబోయేది అదొక్కటే కదా, చెప్పడం, వాళ్లు మార్చుకోవడం. ఆ మార్పు రాని పిల్లతో, ఎంత మంచి గొంతున్నా, రెండో నెలకి మీరూ ఆ పిల్లా ఇద్దరూ ఏడుస్తారు.

ఇంకొకటి. పాడేవాళ్లని చూడటానికి మీ ప్యానెల్‌లో ఇద్దరు చాలు. మూడో మనిషి పని పాడనివాళ్లని చూడటం. తన వంతు కానప్పుడు ఆ పిల్ల ఏం చేస్తోంది? పక్కవాళ్లని గిల్లుతోందా, వెక్కిరిస్తోందా, మర్చిపోయినవాడికి పెదాలతో మాట అందిస్తోందా? నా కోరస్ మొత్తం ఈ మూడో మనిషి కాగితం మీద నుంచే వస్తుంది.

ఇప్పుడు గొంతు సంగతి, ఇది కొంచెం పొడుగు. సినిమా పాట వద్దనడానికి అసలు కారణం ఇదే. పిల్లలు కరోకే ట్రాక్‌తో వస్తారు. ఆ ట్రాక్ పెద్ద గాయకుల శ్రుతిలో ఉంటుంది. పాపం పైన అందక, కింద వినపడక అవస్థ పడతారు, మీరేమో గొంతు లేదనుకుంటారు. హార్మోనియమో కీబోర్డో పెట్టుకుని ఐదు శ్రుతిలో (కీబోర్డ్ మీద G) మొదలుపెట్టండి. అర చొప్పున ఐదున్నర, ఆరు అని పెంచుతూ ఎక్కడ మెడ నరాలు బిగుసుకుంటున్నాయో రాసుకోండి. మళ్లీ దించుతూ ఎక్కడ మాట గాలిలో కలిసిపోతోందో రాసుకోండి. వాళ్లకి తెలిసిన పాటే కావాలంటే బర్త్‌డే పాట పెట్టండి, యాభై ఎనిమిది మందికీ వచ్చు. దాని మూడో లైన్‌లో కింది పంచమం నుంచి పై పంచమానికి ఒక్క గెంతు ఉంటుంది. కేక్ ముందు అందరూ అరిచి దాటేసే చోటు అది. ఆ గెంతు ఎవరు అరవకుండా అందుకుంటారో వాళ్లకి మీ పెద్ద పాటలు ఇవ్వచ్చు. (జనగణమన మాత్రం పెట్టకండి. ఒక ఏడాది పెట్టాను. ప్రతిసారీ గదిలో అందరూ లేచి నిలబడాల్సి వచ్చింది.)

మగపిల్లలకి పన్నెండు, పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతుంది. స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి (పై స నుంచి కింది స దాకా ఉన్నంత దూరం) కిందికి దిగిపోతుంది. అదీ చెప్పి రాదు. నా మూడో నాటకంలో రాజకుమారుడిని జూన్‌లో ఎంచుకున్నాం, పదమూడేళ్లు, ముత్యంలాంటి గొంతు. ప్రదర్శన సెప్టెంబర్‌లో. ఆగస్టులో ఒక శనివారం చరణం మధ్యలో గొంతు రెండుగా చీలింది. కోరస్ పిల్లలు గొల్లుమన్నారు. వాడు తర్వాత రెండు రిహార్సల్స్‌కి రాలేదు, జ్వరమని వాళ్లమ్మ చేత చెప్పించాడు. రెండు శ్రుతులు దించి చూశాం, కింద ఇంకా గొంతు కుదురుకోలేదు. నాన్నకి ఫోన్ చేస్తే, "పల్లవి కోరస్‌కి ఇచ్చెయ్, చరణం వాణ్ని వచనంలా చెప్పనీ, నువ్వు వెనక శ్రుతి పట్టుకో, చాలు" అన్నారు. అలాగే చేశాం. ప్రేక్షకులు అది ముందే అలా రాసుకున్నదనుకున్నారు.

అప్పటి నుంచి ఆ వయసు అబ్బాయిల్ని ఆడిషన్‌లోనే పక్కకి పిలిచి అడుగుతాను, "ఈ మధ్య మాట్లాడుతుంటే గొంతు జారుతోందా?" అని. సిగ్గుపడతారు కానీ నిజం చెబుతారు. జారుతోందంటే పాత్ర ఇవ్వకూడదని కాదు. మధ్య స్థాయిలో, నాలుగైదు స్వరాల్లో తిరిగే పాట ఇవ్వండి, పైకి లాగించకండి.

దీనికి ముడిపడి ఉన్న విషయం: పాటల ట్రాక్ రికార్డింగ్ ఆడిషన్ అయ్యాకే. స్టూడియో డేట్ దొరికిందని చాలామంది ముందే చేయించేస్తారు. ఆ తర్వాత ట్రాక్‌కి సరిపోయే పిల్లని వెతుక్కోవాల్సి వస్తుంది. ట్రాక్‌లో శ్రుతిని సాఫ్ట్‌వేర్‌తో కాస్త మార్చచ్చు కానీ ఎక్కువ లాగితే వాయిద్యాలు బొమ్మ వాయిద్యాల్లా వినిపిస్తాయి.

ఇక తెలుగు. మన బెంగళూరు పిల్లల్లో ఇంట్లో గలగలా మాట్లాడేవాళ్లు కూడా చాలామంది అక్షరాలు చదవలేరు. బళ్లో కన్నడ, హిందీ. కాబట్టి ఆడిషన్‌లో కాగితం చేతికివ్వకండి. నోటితో చెప్పి చెప్పించండి. లేకపోతే మీరు పరీక్షించేది నటన కాదు, చదువు. యాస విషయంలో నాకొక గొడవ గుర్తుంది. కోలారు వైపు నుంచి వచ్చిన కుటుంబం, తాతల కాలం నుంచీ అక్కడే. ఆ పాప "వస్తాండా పెద్దమ్మా" అంటే గది మొత్తం తలలు తిప్పి చూసింది, అంత ప్రాణం ఆ మాటలో. ప్యానెల్‌లో ఒకాయన "శుద్ధమైన తెలుగు కాదండీ" అని మార్కులు కోశారు. పేదరాశి పెద్దమ్మ కృష్ణా జిల్లాలోనే పుట్టిందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. పాత్ర ఆ పాపకే ఇచ్చాం. ళ, ణ పలకకపోవడం, ఒత్తులు వదిలేయడం లాంటివి రెండు వారాల్లో దిద్దచ్చు. మాట మధ్యలో ఊపిరి తీసుకునే అలవాటుంటే దాన్ని రాసుకోండి. అది పోవడానికి టైమ్ పడుతుంది.

మైక్ పెట్టకండి. రవీంద్ర కళాక్షేత్ర లాంటి పెద్ద హాల్ తీసుకుంటే ప్రదర్శన రోజు మైక్ తప్పదు, అయినా ఎంపిక మాత్రం మైక్ లేకుండానే. ప్యానెల్‌లో ఒకరు గది చివర ఫ్యాన్ కింద కూర్చోవాలి. అక్కడికి మాట స్పష్టంగా వస్తోందా లేదా, అంతే. గట్టిగా అరవడం వేరు, మాట చేరడం వేరు.

తల్లిదండ్రులు లోపల వద్దన్నాను. కిటికీ అద్దం ఉంటే దానికి కాగితం కూడా అంటించండి. ఒకసారి ఒక నాన్నగారు అద్దంలోంచి ఫోన్‌తో వీడియో తీస్తూ చేత్తో "పైకి, పైకి" అని సైగలు చేశారు. ఆ పిల్ల యాభై నిమిషాలూ ఆ అద్దం వైపే చూసింది. అలాగని పిల్లల్ని ఒక్క పెద్ద మనిషితో గదిలో వదలకూడదు. ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు ఆడవాళ్లు, తలుపు గడియ పెట్టకుండా. వీడియో మీరు తీయాలంటే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, ఎంపిక అయ్యాక తుడిచేయండి, ముద్దుగా ఉందని సంఘం పేజీలో పెట్టకండి.

దరఖాస్తు ఫారంలో పాట అనుభవం గురించి నాలుగు లైన్లు అడిగే బదులు మూడు విషయాలు అడగండి. ఎక్కడుంటారు, రిహార్సల్‌కి ఎవరు తీసుకొస్తారు, ఏ తేదీల్లో ఊళ్లో ఉండరు. ఇక్కడి రంగశంకర థియేటర్లో నాటకం మొదలయ్యాక ఆలస్యంగా వచ్చినవాళ్లకి తలుపు తీయరు. మా రిహార్సల్‌కీ అదే నియమం పెడదామనుకున్నాను కానీ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ ఒప్పుకోలేదు. దసరా సెలవుల్లో సగం మంది ఊరెళ్లిపోతారు, అది ముందే లెక్కలోకి తీసుకోండి. ఉగాదికి వేద్దామని ఎవరైనా అంటే వద్దనండి, నడినెత్తిన వార్షిక పరీక్షలుంటాయి. రిహార్సల్ ఎంతసేపు అని కూడా ఫారంలోనే రాసేయండి. సినిమా, టీవీల్లో చేసే పిల్లలకి చట్టం రోజుకి ఐదు గంటలు, విరామం లేకుండా మూడు గంటలకి మించకూడదంటుంది. మనది డబ్బు తీసుకునే పని కాదు కానీ నేను మూడు గంటలు దాటనివ్వను. మూడో గంట చివర్లో నేర్పింది ఎలాగూ వాళ్లకి గుర్తుండదు.

మార్కుల విషయం. శ్రుతీ తాళం, మాట, దిద్దుకోవడం, ఈ మూడే, ఒక్కోటి ఐదుకి. ముగ్గురూ ఎవరి కాగితం మీద వాళ్లు రాసేసిన తర్వాతే నోరు విప్పాలి. కానీ మూడూ కూడి పైనుంచి 24 మందిని తీసేయకండి. వారం తర్వాత ముప్ఫై మందిని మళ్లీ పిలిచేది జోడీలు చూడటానికి. ఈ పెద్దమ్మ పక్కన ఈ రాజకుమారుడు నిలబడితే నమ్మేలా ఉందా, ఇద్దరి గొంతులూ ఒక శ్రుతిలో కలుస్తాయా అని. పదిహేనుకి పద్నాలుగు వచ్చిన పిల్లకి జోడీ కుదరక పాత్ర మారచ్చు. ఆ కాగితాలు దాచుకోండి. ఒక సంఘంలో పెద్దాయన మనవరాలికి పాత్ర రాలేదని నన్ను కూర్చోబెట్టి గంటసేపు అడిగారు. మూడు కాగితాలూ ముందు పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు, మరుసటి ఏడాది నన్ను పిలవలేదు కూడా. అయినా ఆ కాగితాలు లేకపోతే ఆ నాటకమే ఆగేది.

రెండు జట్లు పెట్టి 48 మందికీ పాత్రలిద్దామని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒకసారి చేశాను, మళ్లీ చేయను. రిహార్సల్స్ రెట్టింపు, మొదటి జట్టు మేము, రెండో జట్టు మీరు అని పిల్లల్లో పేచీలు. దాని బదులు స్టేజీ వెడల్పు కొలుచుకుని కోరస్‌కి ఇంకో పది పన్నెండు మందిని తీసుకోండి. ప్రతి కోరస్ పిల్లకీ కనీసం ఒక మాటో ఒక పనో తనకంటూ ఉండాలి. లేదంటే అది పాత్ర కాదు, తెర.

రానివాళ్లకి చెప్పడం. మొదటి ఏడాది నేను ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టి పడుకున్నాను. పదకొండు దాకా ఫోన్లు. అవి పరవాలేదు. ఒక పాపకి ఆ రాత్రి ఇంట్లో చెప్పలేదట. పొద్దున స్కూల్ బస్సులో ఇంకో పిల్ల చెప్పింది, అందరి ముందూ. ఆ పాప తర్వాత నా నాటకాలకి రాలేదు. ఇప్పుడు శనివారం పొద్దున కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను, ముందు రానివాళ్లకి, తర్వాత వచ్చినవాళ్లకి. రానివాళ్లకే మీకు ఇరవై పైచిలుకు ఫోన్లు, రెండు గంటల పని. తల్లితో మాట్లాడాక, ఒప్పుకుంటే పిల్లతోనూ మాట్లాడండి. "వచ్చేసారి తప్పకుండా" అనకండి, మీకే తెలియదు. ఆడిషన్‌లో తను చేసిన ఒక నిజమైన సంగతి చెప్పండి. "బిందె పడితే నువ్వు తీసిచ్చావు చూశావా, అది చూశాను" అంటే చాలు. మూడో మనిషి కాగితం ఇక్కడ కూడా పనికొస్తుంది.

అన్నట్టు, మీ అబ్బాయి కూడా పేరిచ్చాడని కింద రాశారు. ఆ బ్యాచ్ వచ్చినప్పుడు మీరు బయటికెళ్లి మిగతా అమ్మానాన్నలతో కూర్చుని టీ తాగండి. లోపల ఏం జరిగిందో రాత్రి ఇంటికెళ్లాక కూడా వాణ్ని అడగకండి.